బ్యాంకు సారు బూట్లు, మా కుంట నీళ్లు

పంట రుణం అడిగితే, పొద్దున నారాయణఖేడ్ నుంచి బ్యాంకు సారు మనూర్‌లోని మా చేను చూడటానికి వచ్చాడు. చేను మూలన వాన నీళ్లు ఆగే కుంట ఉంది. వ్యవసాయ ఆఫీసు వాళ్లే మా ఇంటి చుట్టూ తిరిగి మరీ తవ్వించారు. దాన్ని చూడగానే సారు మొహం చిట్లించాడు.

“ఇది ఉత్త గుంత కదమ్మా! పంట లేని జాగకు లోన్ రాదు. దీన్ని తీసేసి రాస్తా.”

“తవ్వమన్నది సర్కారే గద సారూ. మీది సర్కారు బ్యాంకు కాదా?”

“అది వేరే డిపార్ట్‌మెంట్.”

రాత్రి వానకు నానిన నల్లరేగడి, తిరిగి వెళ్తుంటే ఆయన బూట్లకు ముద్దలు ముద్దలుగా అంటుకుంది. అడుగు పడక, కడుక్కుంటానని కుంట దిక్కు చూస్తూ చెంబు అడిగాడు.

“చెంబున్నది సారూ, నీళ్లే లేవు. గది ఉత్త గుంత గదా,” అన్నాను.

ఆ బురద బూట్లతోనే కారెక్కి పోయాడు. “ఇగ వచ్చినట్టే నీ లోను” అని మా ఆయన అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. రుణం రాకపోతే విత్తనాలకు మళ్లీ షావుకారు గడప తొక్కాలని నాకూ తెలుసు. అయినా చెప్పండి, మీరైతే చెంబు ఇచ్చేవాళ్లా?