సలోమక్క క్యాసెట్టు

మీట నొక్కగానే ముందు సుయ్‌మని గాలి ఊదినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు చాలు, ఒమాన్‌లోని రుస్తాఖ్ ఆస్పత్రి మగవాళ్ల వార్డులోని ఫినాయిల్ వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతుంది. నిన్న మళ్లీ విన్నాను. మస్కట్ తెలుగు సంఘం నుంచి ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడు. "మా గానకోకిల సలోమి గారి పాట మీ దగ్గరుందట. ఉత్సవంలో వినిపిస్తాం. అందులో మీ మాటలేవో ఉన్నాయట కదా, అవి తీసేసి పాట మాత్రం పంపండి" అన్నాడు. మా గానకోకిలట! చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? బతికుండగా ఆమెకు ఏం చేశారో ఈ కుర్రాడికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. అందుకే ఒళ్లు మండి రాస్తున్నాను.

డెబ్బైల్లో మాట. నేను జగిత్యాల పక్క పల్లె నుంచి పోయిన కూలీని. సైట్‌లో పరంజా మీద నుంచి పడి కాలు విరిగి ఆ వార్డులో చేరాను. సలోమక్క నర్సాపురం వైపు నుంచి వచ్చిన పెద్ద నర్సు, నలభై దాటిన మనిషి. డ్యూటీ దిగాక మంచాల మధ్య నిలబడి పాడేది. సినిమా పాటలు కావు, చర్చి పాటలూ కావు. తను కట్టుకున్నవి, మా బతుకుల మీద కట్టినవి. "నీ నీడలో నువ్వే కూకోలేవురా కొడకా" అని ఎత్తుకుంటే కాళ్లూ చేతులూ విరిగిన మగాళ్లు గోడవైపు తిరిగి పడుకునేవాళ్లు.

శుక్రవారం వస్తే టేపు రికార్డరు చంకన పెట్టుకొని కూలీల రూములకు పోయేది. మాకు రాయడం రాదు. ఇంటికి చెప్పాల్సింది క్యాసెట్‌లో చెప్పేవాళ్లం, చివర అక్క ఒక పాట పాడేది. ఊరికి పోయిన క్యాసెట్టు మీదనే పెండ్లాం జవాబు చెప్పి పంపేది. ఆ జవాబు కింద అక్క పాట చెరిగిపోయేది. "రోగి లేచి నడిస్తే కట్టు విప్పెయ్యమూ? ఇదీ అంతే" అని నవ్వేది. కానీ ఆమెకూ ఒక ఆశ ఉండేది. తన పేరు మీద ఒక్క రికార్డు రావాలని. మద్రాసు రికార్డుల కంపెనీ నుంచి ఒకాయన తెలుగు సంఘం పిలుపు మీద వస్తున్నాడని తెలిసి, నెల రోజులు కూర్చొని ఒక క్యాసెట్టు నిండా పాడి పెట్టుకుంది.

దాన్ని చెరిపింది నేనే.

మా నాయిన పోయిన కబురు నాకు నెల తర్వాత అందింది. "మీ అమ్మతో మాట్లాడు నాయనా" అని అక్క రికార్డరు మంచం మీద పెట్టి డ్యూటీకి పోయింది. పక్కన రెండు క్యాసెట్లున్నాయి. ఒకదాని అట్ట మీద ఏదో రాసి ఉంది. అందంగా ఉందని అదే పెట్టాను. వెనుక వైపు కూడా తిప్పి, ఏడ్చుకుంటూ దాదాపు చివరిదాకా మాట్లాడాను. అక్క వచ్చి చూసి, మంచం అంచున కూలబడింది.

"ఏమైందక్కా? నేనేం జేసిన?"

చెప్పింది. నాకు ప్రాణం పోయినట్టయింది. "నా మాటలు చెరిపెయ్యక్కా, మళ్లా పాడుకో" అని బతిమాలాను.

"నోర్ముయ్. నా పాట మళ్లీ పాడగలను. నువ్విలా మళ్లీ ఏడవలేవు. ఇది మీ అమ్మకి పోవాలి" అంది. మర్నాటి నుంచి నాకు అక్షరాలు దిద్దించింది. మొదట నేర్పిన మాట ఆ అట్ట మీదిదే: చెరపవద్దు.

మళ్లీ రికార్డు చేసే వ్యవధి లేదు. మద్రాసాయన ముందు సంఘం సభలో స్వయంగా పాడాల్సి వచ్చింది. ఆ శుక్రవారం మేం ఇరవై మందిమి కంపెనీ లారీలో మస్కట్ పోయాం. నేను చంక కర్రలతో. గేటు దగ్గర సఫారీ సూటు వేసుకున్న కార్యదర్శి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది ఫ్యామిలీలకు. లేబర్‌ను రానిస్తే మా పరువేం గాను?" లోపల సగం కుర్చీలు ఖాళీ! నా కళ్లతో చూశాను.

ఎవరు చెప్పారో, అక్క వేదిక దిగి బయటికి వచ్చింది.

"ఈళ్లు లోపల కూకోకపోతే నేను పాడను."

"అమ్మా, ఆయన రేపే విమానం ఎక్కుతాడు. మళ్లీ ఇలాంటి అవకాశం రాదు. బాగా ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను. నా పాటలో ఉన్నది ఈళ్లే కదండీ. ఈళ్లని వీధిలో నిలబెట్టి నేను లోపల పాడితే నా నోట మన్ను పడదూ?"

చెప్పులు విడిచి లారీ ఎక్కి నిలబడి పాడింది. ఆ మద్రాసు పెద్దమనిషి తలుపు దాకా వచ్చి, తొంగిచూసి, తిరిగి లోపలికి పోయి కూర్చున్నాడు. ఎంత చదువు, ఎంత సంస్కారం! తిరిగొచ్చేటప్పుడు నేను ఏడ్చాను. "నా వల్లనే గదక్కా. నేను చెరపకుంటే క్యాసెట్టే చేతిల పెట్టి పంపుతుంటివి."

"ఊరుకో రాజయ్యా. నీకు చదవడం రాక చెరిపావు. ఆళ్లకి చదువొచ్చు" అంది.

సంఘం ఆమెను మళ్లీ పిలవలేదు. ఆమె మాత్రం శుక్రవారం మానలేదు, రూములకు పోవడం మానలేదు. రికార్డు రాకుండానే నర్సాపురంలో కన్నుమూసింది. ఆమె పాటలన్నీ ఎవరెవరి జవాబుల కిందో చెరిగిపోయాయి. మేం అమ్మను అవ్వ అంటాం; మా అవ్వ మాత్రం నా క్యాసెట్టు మీద ఎవరినీ నోరు మెదపనివ్వలేదు. చచ్చేదాకా సందుగలో దాచింది. అందులో నేను ఏడ్చి, "ఉంటనే అవ్వా" అన్నాక టక్కుమంటుంది. నేను చెరపకుండా మిగిలిన కాస్త టేపులోంచి అక్క గొంతు నడిమధ్య నుంచి లేస్తుంది: "…కూకోలేవురా కొడకా." అంతే. ప్రపంచంలో సలోమక్క పాట మిగిలింది అంతే.

ఇప్పుడు ఆ కూలీ ఏడుపు కోసేసి పాట మాత్రం కావాలట వీళ్లకు. మళ్లీ మమ్మల్ని గేటు బయట నిలబెట్టడమే కదా ఇది! పంపితే మొత్తం పంపుతాను, వింటే మొత్తం వినండన్నాను. "చిన్న ఎడిటింగే కదండీ" అన్నాడు. క్యాసెట్టు చేతిలోకి తీసుకొని, అట్ట మీద ఆమె రాసిన మాట అక్షరం అక్షరం విడదీసి ఫోన్‌లో గట్టిగా చదివి వినిపించాను.