యాకూబ్ బరువు

యాకూబ్ తన బరువు తానే తప్పు చెప్పాడని మూడేళ్లుగా అందరూ అనుకుంటున్నారు. వాళ్లకు అలా చెప్పింది నేనే. అది నిజం కాదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మా ఇంట్లో జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పక తప్పదు.

దయ్యాలని, శకునాలని ఎవరైనా అంటే నేను లేచి వెళ్లిపోయే రకం. హనుమకొండలో ఎలక్ట్రానిక్ కాంటాలు బాగుచేసే దుకాణం నాది. అంకె తప్పు వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది, విప్పితే దొరుకుతుంది. ఇరవై ఏళ్లు అదే నమ్మాను.

యాకూబ్ కాజీపేట లోకోషెడ్‌లో ఫిట్టర్. చిన్నప్పటి దోస్తు. నలుగురం కలిసి గోదావరిలో కయాకింగ్‌కు పోవాలనుకున్నాం. ఒక్కో మనిషి ఒక్కో సన్నటి పడవలో కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోవడం. శనివారం మధ్యాహ్నం సుబేదారిలోని మా ఇంట్లో నేనూ యాకూబూ సామాన్లు సర్దుతున్నాం. హాలు నిండా తాళ్లు, నీళ్లు చొరని సంచులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.

లైఫ్ జాకెట్లు అద్దెకిచ్చే అతను ఫోన్ చేసి నలుగురి బరువులూ పంపమన్నాడు. సైజు బరువును బట్టే ఉంటుంది. పెద్దవి అయిపోయాయని, ఎనభై కిలోలు దాటినవాళ్లకు ఈసారి కుదరదని అన్నాడు. ఆ మాట నేను యాకూబ్‌కు చెప్పలేదు. మిగతా ఇద్దరి బరువులు నా దగ్గర ఉన్నాయి.

మా ఆవిడ వాడే బరువు మిషన్ తెచ్చి పెట్టాను. నేను ఎక్కితే డెబ్బై ఒకటి. యాకూబ్ ఎక్కితే సున్నా. దిగి మళ్లీ ఎక్కాడు. సున్నా. సెల్ మార్చాను, మిషన్‌ను వేరే బండ మీదికి జరిపాను. నాకు డెబ్బై ఒకటి, వాడికి సున్నా.

"తిన్న బగారన్నమన్న చూపెట్టాలె గదరా" అన్నాను. వాడూ నవ్వాడు.

కట్టిపెట్టిన సంచిని అంతకుముందే తూచాం. పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాములు. వాడు సరదాకి దాన్ని ఎత్తుకుని ఎక్కాడు. మిషన్ పన్నెండు పాయింట్ నాలుగు చూపించింది. సంచి బరువు మాత్రమే.

వాడు వంగి ఆ అంకెను మళ్లీ చదివాడు.

"నేనున్ననా లేనారా భై?" అన్నాడు మెల్లగా. సంచి దించి, "నీ దుకాణంల పెద్ద కాంటా ఉన్నది గద, పోదాం పా. పది నిమిషాలు."

అక్కడ తూస్తే తొంభై దగ్గర వస్తుందని, అప్పుడు ప్రయాణం ఆగిపోతుందని నాకు తెలుసు. ఫికర్ చేయకు, అందాజుగా పంపిస్తానన్నాను. డెబ్బై ఎనిమిది అని పంపాను.

మర్నాడు నది ఒడ్డున జాకెట్ కింది బకిల్ వాడి పొట్టకు అందలేదు. పైన రెండే పెట్టుకున్నాడు. పడవ తిరగబడగానే జాకెట్ తల మీదుగా ఊడిపోయింది. మేం పట్టుకునేసరికి ఊపిరి లేదు.

దవాఖానలో పోలీసులు జాకెట్‌కు ఆ బరువు ఎవరు చెప్పారని అడిగారు. యాకూబే అన్నాను. పోస్టుమార్టం కాగితంలో తొంభై ఒకటి అని ఉంది.

ఆ మిషన్‌ను దుకాణంలో పూర్తిగా విప్పాను. తూకం రాళ్లు పెట్టి ఎన్నోసార్లు చూశాను. ఏ లోపమూ లేదు. మనిషిని వదిలేసి చేతిలో సంచిని మాత్రం తూచే కాంటా ఉండదు. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఇక కాదు కూడా. అది హెచ్చరికే అయితే యాకూబ్ విన్నాడు. పోదాం పా అన్నాడు. ఆపింది నేను.

మొన్న కాజీపేటలో వాడి ఇంటికి వెళ్లాను. వాడి భార్య షమీమ్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. గోడ మీద యాకూబ్ ఫోటో లేదు. ఎందుకు తీసేశావని అడిగాను.

"ఉట్టి పడవ ఎక్కెతందుకు అబద్ధమాడిండన్న. పిల్లలు సుత యాదికి రాలే. ఆ మొఖం చూస్తే కోపమే వస్తాంది" అంది. కూర్చోమని కుర్చీ జరిపింది.

నేను కూర్చోలేదు.

"యాకూబ్ అబద్ధమాడలే చెల్లె. ఆ నంబర్ నేను రాసి పంపిన. పెద్ద కాంటా మీద జోకుకుంటనంటే వద్దన్న. ఆయన పోయినంక తప్పు ఆయన మీదికే తోసిన. మాఫీ అడిగే మొఖం నాకు లేదు. అయినా అడుగుతున్న, మాఫ్ చెయ్యి."