ఎనిమిది చేతులోడు, మా మామ

ఇయ్యాల కార్ఖాన బంద్ ఉండె. మా మేనమామను తీస్కొని సినిమాకు పోయిన. భూమ్మీద దొంగచాటుగ బతికే వేరే గ్రహాలోళ్లను నల్లకోట్ల సీక్రెట్ ఏజెంట్లు పట్టుకునే సినిమా, రెండో భాగం. మొదటిది మేం సూడలే. అయినా ఏం ఫరక్ పడలే.

తెర మీదికి ఎనిమిది చేతులోడు రాంగనే థియేటరంత నవ్వుడే నవ్వుడు. మామ మాత్రం సీట్లకెల్లి లేచి నిలవడ్డడు. ముప్పై ఏండ్ల సంది సూరత్ పాండేసరల బట్ట నేసే సాంచాలు నడిపే మనిషాయె, ఆయన భయం ఆయనది.

"అరే, వీడొక్కడే ఇరవై సాంచాలు నడుపుతడు! మా శేఠ్ సూసిండంటే మనందరికి పనికెల్లి ఛుట్టీ. పట్టుకో వాణ్ణి, వాపస్ పంపియ్యి!" అని ఏజెంటుకే ఆర్డరేసిండు. వాణ్ణి రాకెట్ల ఎక్కిచ్చినంక గాని కూసోలే.

అటెన్క డుమస్ బీచికి పోయి టమాట భజియలు తింటున్నం. మా తెలుగు విని బండాయన హిందీల అడిగిండు: "కాకా, ఏడికెల్లి వచ్చిండ్రు?"

"సూరతే," అన్నడు మామ.

"అది సరే, అసలు ఏడికెల్లి?"

ఈ సవాల్ మామకు కొత్త గాదు. ఎప్పుడైనా ఊరి పేరు చెప్పి ఊకుంటడు. ఇయ్యాల మాత్రం నోట్ల భజియ నములుకుంట, వేలు లేపి ఆకాశం సూపెట్టిండు.

బండాయన పడి పడి నవ్విండు. మామ నవ్వలే.

మిమ్మల్ని గిట్ల అడిగితే మీరేం జెప్తరో జర కింద రాయుండ్రి. ఆకాశం మాత్రం మా మామది.