తప్పులు చదివిన మాస్టారు

మా హైస్కూలు లెక్కల మాస్టారు పోయారన్న కబురు మంగళవారం ఉదయం ప్రేయర్ జరుగుతుండగా వచ్చింది. తెల్లవారుజామున గుండెపోటట. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది. హెడ్మాస్టరు గారు మైకులో చెప్పి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. ఆ రెండు నిమిషాలూ నేను తలుచుకున్నది ఆయన్ని కాదు, నేను సంతకం పెట్టిన ఒక కాగితాన్ని. ఆ సంగతి చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

భీమవరానికి దగ్గర్లో, చుట్టూ రొయ్యల చెరువులున్న ఊరు మాది. చిన్నప్పుడు ఈ బడిలోనే ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నాను. తర్వాత ఇదే బడికి సైన్సు టీచరుగా వచ్చాను. బదిలీల మీద ఎక్కడెక్కడో తిరిగి ఆయనా మళ్లీ ఇక్కడికే చేరారు. పద్ధతి మాత్రం మారలేదు. పీరియడ్ మొదలవగానే పిల్లల రబ్బర్లన్నీ వసూలు చేసి చొక్కా జేబులో వేసుకునేవారు, బెల్లు కొట్టాక తిరిగిచ్చేవారు. ఏది ఎవరిదో తేలక రోజూ చిన్న గొడవ. "ఒప్పు నాకు తెలిసిందేగా అమ్మా, నీ తప్పు చూపించు" అనేవారు. నోటుబుక్కు తీసుకుని వరుస వరుసా చదివి, "ఇదిగో, ఇక్కడ దారి తప్పావు. ఇక్కడిదాకా బాగానే నడిచావుగా!" అనేవారు. లెక్క తప్పు చేసి కూడా మెచ్చుకోలు పొందిన పిల్లని నేను.

రెండేళ్ల క్రితం బడికి ట్యాబులొచ్చాయి, వాటిలో లెక్కల యాప్. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి. తప్పుది నొక్కితే ఎర్రబడి మాయమైపోతుంది. మిగిలినవి నొక్కుకోవచ్చు. ఒప్పు తగలగానే చప్పట్లు, ఒక నక్షత్రం. నాలుగోసారికి తగిలినా నక్షత్రం నక్షత్రమే. వారం తిరక్కుండా పిల్లలు గుట్టు పట్టేశారు. ప్రశ్న చదవడం మానేసి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పైనుంచి కిందికి నొక్కుకుంటూ పోయారు. వాళ్లనేం అంటాం? అలా నొక్కమనే కదా దాన్ని తయారుచేసింది!

ట్రైనింగు రోజున యాప్ వాళ్ల తరఫున వచ్చినాయన్ని మాస్టారు లేచి అడిగారు. "పిల్ల తప్పు చేసిందనుకోండి, ఏం తప్పు చేసిందో నాకెక్కడ కనబడుద్దండి?"

"ఎన్ని తప్పులు చేసిందో వస్తుంది సార్."

"ఎన్ని అని కాదండి. ఎక్కడ పోయిందీ అని."

"తప్పు కళ్లముందే ఉంటే పిల్లలు డల్ అయిపోతారని తీసేశాం సార్."

"అయితే ఇంక నాకు పనేముందండి?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతోంది.

ఆయనకు కొత్తవంటే గిట్టదనుకునేరు, అదేం కాదు. అదే యాప్‌లో ఒక పాఠం ఉంది. తెర మీద స్థూపాన్ని విప్పితే దీర్ఘచతురస్రంలా పరుచుకుంటుంది, చుడితే మళ్లీ స్థూపమవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలతో కలిసి పీరియడంతా దాన్ని విప్పుతూ చుడుతూ కూర్చున్నారు. "ఇది చేసినోళ్లెవరో గానీ, వాళ్లకి పిల్లలంటే తెలుసమ్మా" అని నాతో రెండుసార్లు అన్నారు. అలాంటి పీరియడ్లు నాలుగైదు నడిచాయి. ఎవరూ ఏ జవాబూ నొక్కలేదు కాబట్టి, యాప్ దృష్టిలో ఆ రోజుల్లో ఆ తరగతిలో చదువే జరగలేదు.

ట్యాబుల బాధ్యత నాది. నెలాఖరు రిపోర్టులో ఆయన తరగతి ఎర్రగా వచ్చింది. పక్కనే రిమార్కుల గడి ఉంది. స్థూపం సంగతి రెండు ముక్కలు రాస్తే సరిపోయేది. ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. ఆయనకు మెమో వచ్చింది, అంత సర్వీసులో మొదటిది. సంజాయిషీ రాస్తూ నన్ను చూసి, "నీ పని నువ్వు చేశావులేమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆయన కూడా పిల్లల్ని నొక్కుకోనిచ్చారు. రిపోర్టు పచ్చబడింది. పోయిన నెలలో ట్యాబులు పట్టుకెళ్లడానికి ఆ తరగతికి వెళ్లాను. శాతాల పాఠంలో నక్షత్రాలన్నీ తెచ్చుకున్న అమ్మాయిని మాస్టారు లేపి అడుగుతున్నారు. వాళ్ల నాన్న చెరువుల మీద మేత వేస్తాడు.

"మీ నాన్న రోజూ నలభై కేజీల మేత వేస్తున్నాడమ్మా. వాన పడింది, ఇరవై శాతం తగ్గించమన్నారు. ఎంత వెయ్యాలి?"

"ఆప్షన్లు చెప్పండి మాస్టారూ" అంది ఆ పిల్ల.

ఎవరూ నవ్వలేదు. తరగతంతా ఆప్షన్ల కోసమే ఎదురుచూస్తోంది. మాస్టారు మెల్లగా ముందు బెంచీ మీద కూర్చున్నారు. స్టాఫ్ రూముకి నడుస్తూ ఒక్క మాటే అన్నారు. "పిల్లల దగ్గర తప్పులు కూడా లాగేసుకున్నారమ్మా."

ఈ నెల రిపోర్టులో రిమార్కుల గడి చాలక, వెనకపేజీ కూడా నింపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

కొత్త మాస్టారు వచ్చేదాకా ఆ తరగతి లెక్కలు నన్నే చూడమన్నారు. నిన్న ట్యాబులు బీరువాలో పెట్టి, మూడు చెరువుల మేత లెక్క ఒకటి బోర్డు మీద రాశాను. అందరికంటే ఆఖరున ఆ అమ్మాయే నోటుబుక్కు తెచ్చింది. పేజీ నిండా చేసింది. జవాబు మాత్రం తప్పు.

"ఎక్కడ పోయింది టీచర్?" అనడిగింది.

ఒప్పు నాకు తెలుసు. చెప్పేసి పంపించెయ్యవచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. "ఉండమ్మా" అని మళ్లీ మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టారు. పిల్లలందరూ కంచాలు తీసుకుని పరిగెత్తారు. ఆ పిల్ల మాత్రం వెళ్లకుండా, నా పక్కనే బెంచీ మీద కూర్చుని నా మొహంలోకే చూస్తోంది. ఎక్కడ పోయిందో నాకింకా కనబడటం లేదు.