రెండో కోత

బిట్రగుంట రైల్వే కాలనీలో మేము కాపురమున్న రోజుల్లో నన్ను చూసిన ప్రతి కొత్త మనిషీ ముందుగా అడిగే మాట, "ఎన్నో నెలమ్మా?" అని. అప్పటికి నా కవల ఆడపిల్లలకు మూడేళ్లు దాటాయి. వాళ్లిద్దరూ చెరో పక్కన నా కొంగు పట్టుకుని నిలబడి ఉన్నా అడిగేవాళ్లు అడుగుతూనే ఉండేవాళ్లు. పిల్లలు పుట్టారు గాని వాళ్లకోసం సాగిన పొట్ట మళ్లీ వెనక్కి పోలేదు. చర్మం మడతపడి కిందికి వేలాడేది. ఎండాకాలంలో ఆ మడత కింద ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. కొబ్బరినూనె రాసుకుని, పాత పంచె గుడ్డ మడిచి అక్కడ పెట్టుకుని బడికి పోయేదాన్ని. చిన్న తరగతులకు పాఠం చెప్పే ఉద్యోగం నాది.

ఒకరోజు లెక్కలు చెబుతుంటే ముందు వరుసలో పిల్ల లేచి అడిగింది. "టీచర్, ఈసారి కూడా ఇద్దరేనా?"

తరగతిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ నిజంగానే నా జవాబు కోసం చూస్తున్నారు. నేను బోర్డు వైపు తిరిగి, అక్కడున్న లెక్కనే మళ్లీ రాశాను.

ఆ సాయంత్రం మావారితో ఆపరేషన్ మాట ఎత్తాను. ఆయన గూడ్స్ బండ్ల మీద గార్డు. మద్రాసులో ఒక ప్రైవేటు డాక్టరు సాగిన కండరాలు దగ్గరికి కుట్టి, మిగిలిన చర్మం కోసేస్తాడని బదిలీ మీద ఊరు విడిచి పోతూ ఆయన తోటి గార్డు భార్య నాకు చెప్పింది.

"రోగం లేకుండా కోయించుకుంటావా?" అన్నారాయన.

"మీకు రోగంలా కనపడదు. మోసేది నేను."

మూడు రోజులు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు డ్యూటీ దిగి వస్తూ మద్రాసుకు పాసు తెచ్చారు. ఒక్కటే షరతు పెట్టారు. "అమ్మకు ఈ సంగతి తెలియకూడదు. పొట్ట బాగాలేదని కోయించుకుందంటే ఆమె తట్టుకోలేదు. కడుపులో గడ్డ అని చెబుదాం." చిన్న అబద్ధమే కదా అనుకున్నాను. సరేనన్నాను.

మా అత్తగారిది వెంకటాచలం దగ్గర పల్లెటూరు. మామగారు పోయాక సొంత సేద్యం చూసుకుంటూ ఒక్కతే ఉండేది. గడ్డ అని వినగానే నాట్లు కూడా వదిలేసి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చేసింది.

మద్రాసులో ఆ డాక్టరు నన్ను పరీక్ష చేసి, "పెళ్లినాటి నడుము వస్తుంది, భయపడకు" అన్నాడు. ఆ మాట పట్టుకునే బల్ల మీద పడుకున్నాను. వారం తిరక్కుండా ఎడమవైపు కుట్లు చీము పట్టాయి. పది రోజుల్లో ఇంటికి రావలసినదాన్ని నెల దాటాక వచ్చాను. కట్లు పూర్తిగా విప్పిన రోజు తలుపు గడియ వేసుకుని చేతి అద్దంలో చూసుకున్నాను. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ, ఎడమవైపు వంకరగా పైకి పాకింది. దానిపైన కండ గోనెసంచి మూతి కట్టినట్టు ముడుచుకుపోయి ఉంది. బొడ్డు ఒక పక్కకు జరిగింది. నిటారుగా నిలబడితే మచ్చ లాగేది, అందుకని ముందుకు వంగి నడవడం అలవాటయింది. కొన్ని నెలలకు, దగ్గితే ఎడమవైపు నిమ్మకాయంత ఉబ్బు కనపడసాగింది. అదీ పెరిగింది.

మావారు చూశారు. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. పట్టుబట్టింది నేనే కదా. పాడయిందని ఏ నోటితో చెప్పను?

ఈలోగా అత్తగారి మొక్కు సంగతి బయటపడింది. గడ్డ తీశాక కోడలు బతికి బయటపడితే సముద్రం ఒడ్డున అమ్మవారికి పొంగళ్లు పెట్టిస్తానని మొక్కుకుందట. బండి కట్టించుకుని పోయాం. కాళ్లకు చెప్పుల్లేకుండా, ఆ కాలే ఇసుకలో, వంగి నడుచుకుంటూ గుడి చుట్టూ తిరిగాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లకు ఆమె రెండు చేతులూ ఎడంగా పట్టి చూపిస్తోంది. "ఇంత గడ్డంటమ్మా. టెంకాయంత ఉండిందంట." చెప్పిన ప్రతిసారీ చేతుల మధ్య ఎడం పెరుగుతోంది. పొంగలి పొంగింది. "దండం పెట్టుకోమ్మే, నీకు మళ్లీ పుట్టుకనిచ్చింది తల్లి" అంది నాతో. నేను దండం పెట్టుకున్నాను. అమ్మవారి మొహం మాత్రం చూడలేకపోయాను.

అక్కడి నుంచి నాకు ఊపిరాడని రోజులు మొదలయ్యాయి. కాలనీలో అందరూ చావు నుంచి లేచొచ్చిన మనిషితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడేవాళ్లు. పొట్ట ఇలా అయిందని ఏడవడానికి లేదు. ప్రాణం దక్కినదానికి పొట్ట గొడవేమిటి అంటారు. అసలు సంగతి తెలిసినవాడు ఒక్కడే. ఆయన ముందు నోరు విప్పడానికి నాకు మొహం లేదు. ఆ రెండేళ్లూ నేను స్నానం చీకటి గదిలోనే చేశాను.

ఉబ్బు కమలాపండంత అయ్యాక ఇక ఆగలేకపోయాను. చెడిపోయిన ఆపరేషన్లు సరిచేసే పెద్ద డాక్టరు ఒకాయన మద్రాసులోనే ఉన్నాడని తెలిసింది. మావారిని అడిగితే, "చూపిద్దాం" అన్నారు. అత్తగారు అప్పుడు మా ఇంట్లోనే ఉంది.

"మళ్లీ మద్రాసు పోవాలత్తా" అన్నాను.

ఆమె బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది. "మళ్లీ వచ్చిందా అమ్మే?"

నేను వంగి చేటలోంచి వడ్లగింజ ఒకటి ఏరాను. దాంతో ఆమె అవుననే అనుకుంది. ఆ పూట అన్నం తినలేదు. రెండోనాడు పొద్దున పెరట్లో ఆమె గొంతు వినపడి కిటికీలోంచి చూశాను. ఆరేళ్ల నా కూతుళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరికొకరు జడ వేసుకోవడం నేర్పిస్తోంది. "గట్టిగా లాగమ్మే. రేపు మీ అమ్మ లేకపోయినా మీరే ఏసుకోవాల. ఎవురినీ అడగబాకండి." చిన్నది ఏమీ అర్థంకాక తల ఊపుతోంది.

నేను బడికి సెలవు పెట్టి, పిల్లలు పోయాక ఆమె ఎదురుగా వెళ్లి కూర్చున్నాను. మావారు డ్యూటీలో ఉన్నారు.

"అత్తా, గడ్డ మళ్లీ రాలేదు. అసలు మొదట్లో కూడా గడ్డ లేదు."

"ఏంది నువ్వు చెప్పేది?"

మొత్తం చెప్పాను. అయిపోయాక ఆమె అడిగింది. "వాడికి తెలుసా?"

"తెలుసు. ఇద్దరం అనుకునే చెప్పాం."

"అయితే నేను తల్లికి మొక్కింది దేనికి? పొంగళ్లు పెట్టింది దేనికి? ఆమెకాడ గూడా నాతో అబద్ధం చెప్పించినారు గదా మీరిద్దురూ!"

లేచి పెరట్లోకి పోయింది. వచ్చాక వీధి తలుపు గడియ వేసి, "చూపీ" అంది.

కుచ్చెళ్లు వదులు చేశాను. ఆమె వంగి చూసింది. ఉబ్బు మీద వేలు పెట్టి నొక్కింది. అది లోపలికి పోయి, వేలు తీయగానే మళ్లీ పైకి వచ్చింది.

"నొప్పా?"

"దగ్గితే."

"ఇంత కోయించుకున్నావే, నువ్వు బాగుపడిందేంది దీంట్లో?"

"ఏమీ లేదత్తా."

రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చలేదు. "నాకు చెప్పుంటే వద్దని చెప్పుందును" అంది.

"అందుకే చెప్పలేదు."

"ఊ" అని, చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

కొడుకుతో వారం రోజులు మాట్లాడలేదు. పళ్లెం ముందు పెట్టి పక్కకు పోయేది. అయినా మద్రాసు బండెక్కే రోజు అందరికంటే ముందు తయారై కూర్చుంది.

ఈ డాక్టరు పెద్దవాడు. పడుకోబెట్టి, దగ్గించి, లేపి నిలబెట్టి చూశాడు. చూశాక మావారితో చెప్పబోతుంటే, "నాకు చెప్పండి" అన్నాను. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"ఎడమవైపు కండరాల కుట్లు ఊడిపోయినాయి. ఆ సందులోంచి పేగు ముందుకు వస్తున్నది. దాన్ని మూసెయ్యొచ్చు. పైన మడత తియ్యాలంటే ఇంకా చర్మం కొయ్యాలి. ఇప్పటికే చర్మం చాలడం లేదు. నడుము ఇంకా వంగిపోవచ్చు."

"ముందున్నట్టు అవుతుందా?"

"ముందంటే ఎప్పుడమ్మా?"

ఆపరేషన్‌కు ముందా, పిల్లలకు ముందా? నేను ఏది అడిగానో నాకే తెలియలేదు.

"కొంచెం బాగుపడొచ్చు, ఇంకా చెడిపోనూ వచ్చు. నేను మాట ఇవ్వలేను" అన్నాడాయన. "అట్లాగని వదిలేస్తే ఉబ్బు పెరుగుతుంది. ఎప్పుడైనా పేగు ఇరుక్కుంటే ఆలోచించుకోవడానికి టైము దొరకదు."

తిరుగు బండిలో అత్తగారు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. గూడూరు దాటాక మావారు అన్నారు. "నీ ఇష్టం. నువ్వు కావాలంటే సంతకం పెడతాను. వద్దంటే వద్దు. నన్ను మాత్రం చెప్పమనొద్దు. పోయినసారి ఆ గది బయట కూర్చున్నది నాకు చాలు."

నాకు కోపం వచ్చింది. వద్దంటే ఎదిరించేదాన్ని. చేయించుకోమంటే, తప్పు ఆయన మీదికి పోయేది. నా ఇష్టమనేసరికి తలుపులన్నీ మూసి తాళంచెవి నా చేతికిచ్చినట్టయింది. కోయించుకుంటే మొదటిసారిలాగే కావచ్చు. కోయించుకోకపోతే ఆ ఉబ్బును అరచేత్తో అదిమిపట్టుకుని దగ్గుతూ బతకాలి. నెలల తరబడి బడిలో పాఠం చెబుతూ కూడా ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. డాక్టరు తారీఖు ఇస్తే పరీక్షలున్నాయని రాశాను. ఇంకో తారీఖు ఇస్తే పిల్లలకు జ్వరమని రాశాను. జ్వరం నిజమే గాని, రాసే రోజుకు తగ్గిపోయింది.

చివరకు బడిలో నీళ్ల కుండ ఎత్తబోయి నొప్పితో అక్కడే కూలబడ్డాను. అరగంట తర్వాత ఉబ్బు దానంతట అదే లోపలికి పోయింది. ఆ అరగంటలో నాకు నా నడుము గుర్తుకు రాలేదు, ఆ డాక్టరు చెప్పిన పేగు ఇరుక్కోవడమే గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రమే డాక్టరుకు కార్డు రాశాను. సందు మూస్తే చాలు, చర్మం ముట్టుకోవద్దని.

వేసవి సెలవుల్లో పోయి చేయించుకున్నాను. సంతకం మావారు పెట్టారు. వార్డులో పక్క మంచం ఆమె ఏం జబ్బని అడిగితే అత్తగారే జవాబు చెప్పింది. "జబ్బేం లేదు తల్లీ. పొట్ట బాగుండాలని కోయించుకునింది, వాళ్లు చెడగొట్టినారు. అది కుట్టించుకోను వచ్చినాం." వార్డంతా విన్నది. నేను దుప్పటి మొహం మీదికి లాక్కోలేదు.

ఆ కుట్లు నిలిచాయి. మచ్చ, మడత, వంగిన నడుము అలాగే ఉన్నాయి. కాళ్లు చాపి వెల్లకిలా పడుకోలేను, మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటాను. మడత కూడా తీయించుకుని ఉండవలసిందని చాలా ఏళ్లు అనుకున్నాను. ఒకసారి మద్రాసు పోయినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఆ పెద్ద డాక్టరు ఆసుపత్రి దాకా వెళ్లాను. ఆయన మానేశాడని, లోపల వేరే డాక్టరు ఉన్నాడని చెప్పి, చూపించుకుంటారా అని నర్సు అడిగింది. సరేనని వరండా బల్ల మీద కాసేపు కూర్చుని, నా వంతు రాకముందే లేచి వచ్చేశాను.