డోరెట్టా తెచ్చిన సంతకాలు

డోరెట్టా ప్రూయిట్ ఏ తలుపు తట్టినా రెండు మెట్లు కిందికి దిగి నిలబడుతుంది. లోపలివాళ్లకు ఆమె నిండుగా కనబడాలి. కుక్కకు కూడా.

తల నెరిసేదాకా మా ఆర్కన్సా కొండల్లో బడి బస్సు నడిపింది. సిగరెట్టయినా ముట్టలేదు. కానీ తన బస్సులో పెరిగిన పిల్లలకు జేబులో చిటికెడు గంజాయి దొరికిందని సంకెళ్లు వేయడం చూసింది. ఒకడికి రొట్టెల దుకాణంలో పని పోయింది. ఒకమ్మాయికి కాలేజీ సాయం ఆగింది.

ఆ వేసవిలో అర్జీ పట్టుకుని బయల్దేరింది. ఎవరైనా తమకోసం ఉంచుకున్న కాస్త గంజాయి సంగతిని మా ఊరి పోలీసులు అన్ని పనుల తర్వాతే చూడాలని అందులో ఉంది. చాలినన్ని సంతకాలుంటే నవంబరులో ఊరు దానిమీద ఓటు వేస్తుంది.

సంతకాలు వచ్చాయి. ఎన్నికల గుమాస్తా లోవెల్ వాటిలో సగం పక్కన పెట్టాడు. అతనూ ఆమె బస్సెక్కినవాడే.

"మిస్ డోరెట్టా, వీళ్లంతా పోస్టాఫీసు పెట్టె నంబరు రాశారండీ. ఇంటి చిరునామా ఉండాలి."

"మన కొండ మీదికి పోస్టుమాన్ ఎప్పుడొచ్చాడ్రా? ఆ పెట్టే మన చిరునామా."

"నాకు తెలుసు. చట్టానికి తెలీదు. శుక్రవారంలోగా మళ్లీ తేవాలి."

"నీ బూట్ల తాళ్లు కట్టినదాన్ని నేను."

"అదీ చట్టంలో లేదండీ."

మోకాలికి పట్టీ చుట్టుకుని మళ్లీ కొండెక్కింది. మా ఇళ్లకు మెట్లే దారి. చాలామందికి తమ ఇంటి నంబరే తెలియదు. గోడమీది తీగలు పక్కకు లాగి, చూసి రాశారు.

హార్లన్ టక్కెట్ ఒకప్పుడు పోలీసు. మొదటిసారి అడిగినప్పుడు సంతకం చేయలేదు.

"మళ్లీ వచ్చావేంటే? ఈ వయసులో గంజాయి మీద మనసైందా?"

"నీ సంతకం మీద. నువ్వు జైల్లో పెట్టిన నా బస్సు పిల్లల పేర్లు చెప్పనా?"

"వద్దులే." అతను చెయ్యి చాపాడు. "నాకూ గుర్తే. కలం ఇలా తే."

"ఇంటి నంబరు కూడా రాయి."

"ఇదెక్కడి గోల" అంటూ కళ్లద్దాలు పెట్టుకుని నంబరు వెతకడానికి బయటికి వచ్చాడు.

శుక్రవారం ఆమె రాగానే లోవెల్ లేచి నిలబడి, కాగితాలు తీసుకున్నాడు. ఒక్కొక్కటీ చూసి ముద్ర వేశాడు.

నవంబరులో ఊరు సరేనంది. మా పిల్లల విషయం మేమే తేల్చుకున్నాం. ఆ సాయంత్రం హోటల్లోకి ఆమె రాగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. డోరెట్టా కూర్చుని, మెత్తటి బన్నుల్లాంటి మా వైపు బిస్కెట్లూ, వాటిమీద పోసుకునే గ్రేవీ తెమ్మంది. చెంపలు ఎర్రబడ్డాయి.

మర్నాడు ఉదయం వాన వచ్చేలా ఉంది. ఆమె ట్రక్కు తీసుకుని వీధి వీధీ తిరిగి, ఇళ్ల ముందు పాతిన ఎన్నికల ప్రచార అట్టలు పీకింది. తన అట్టలతో పాటు, వద్దన్నవాళ్లవి కూడా.