తెప్ప రాని పూట

బి.ఏ. రెండో ఏడు పరీక్షలు అయ్యాక ఇంట్లో నాకు కాలు నిలవలేదు. కాలేజీ తెరవగానే నాటకాల పోటీ ఉంది. పాత నాటకం వెయ్యకూడదు, మనమే రాయాలి అని ముగ్గురం పంతం పట్టాం. నేను మాటలు రాయాలి. హార్మోనియం వాయించే మిత్రుడు పాటలు కట్టాలి. మూడోవాడిది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. వాళ్ళ నాన్న తెప్ప మీద చేపలవేటకు వెళ్తాడు. వేటకెళ్ళిన మనిషి కోసం భార్య ఎదురుచూడడమే మా కథ కాబట్టి, వేసవికి ముగ్గురం వాళ్ళింట్లోనే దిగాం.

వారంలో రెండు పేజీల శోకం రాశాను. ‘ఓ కడలీ! నా పసుపుకుంకుమలను హరించితివా!’ అని మొదలవుతుంది. గొంతెత్తి చదివాను. ఇసకలో చేపలు ఎండబెడుతున్న మూడోవాడి అమ్మ తలెత్తింది.

“ఎవలు బాబూ ఆవిడ?”

“మీలాంటి ఆవిడే అమ్మా.”

“మా పేటలో అలా మాటాడీవోలు ఎవలూ నేరు బాబూ.”

నాకు రోషం వచ్చింది. మళ్ళీ రాశాను, చించాను. ఆ శోకంలో పాట పడాలన్న హార్మోనియం వాడితో దెబ్బలాడాను. మూడోవాడు మాత్రం బుట్టలు మోస్తూ వాళ్ళమ్మ వెనకే తిరిగాడు.

ఒకరోజు పొద్దున్నే గాలి తిరిగింది. మధ్యాహ్నానికి తెప్పలన్నీ ఒడ్డెక్కాయి, వాళ్ళ నాన్నది తప్ప. నేను ఒడ్డుకీ ఇంటికీ మధ్య పరుగులు పెట్టాను. వాళ్ళమ్మ చేపలు తిరగేస్తూనే ఉంది. తీసుకెళ్ళిన బుట్ట తిరిగివ్వలేదని పక్కింటావిడతో తగవు కూడా ఆడింది. ఆవిడ పక్కన మా మూడోవాడు వల చిక్కులు తీస్తున్నాడు.

ఉండబట్టలేక అడిగేశాను. “అమ్మా, మీకు భయం లేదా?”

“ఉన్నాది. ఉంటే ఏటి సేస్తాం? ఆ కాకుల్ని తోలు.”

కాకుల్ని తోలాను. అప్పుడు చూశాను, ఆవిడ ఒకే చేపను మళ్ళీ మళ్ళీ తిరగేస్తోంది.

ఎండ వాలాక ఆయన ఒడ్డు వెంట నడిచి వచ్చాడు. గాలి తెప్పను ఉత్తరానికి ఈడ్చుకుపోతే, అక్కడే ఒడ్డెక్కించి వచ్చాడట. ఆవిడ లేచి, “కూడు సల్లారిపోనాది, రా,” అని మాత్రం అంది. కొడుకు వల కింద పెట్టాడు.

“నువ్వు సెప్పు, నేను రాస్తాను,” అన్నాను ఆ రాత్రి మూడోవాడితో, వాడి మాటలోనే. వాడు చెప్పాడు. నా రెండు పేజీలూ పోయాయి. హార్మోనియం వాడు తన పాటను తనే కొట్టేశాడు. భార్య వేషం మూడోవాడే వేస్తానన్నాడు.

విజయనగరంలో పోటీకి నాటకం ఆడిన రోజు, భార్య మాట లేకుండా చేపలు తిరగేస్తూ ఎదురుచూసే ఘట్టం రాగానే నేను తెర వెనక నిలబడలేకపోయాను. బయటికి వచ్చి వీధంతా తిరిగాను. ఆ తర్వాత ఎలా ఆడిందో మిత్రులు చెబితేనే తెలిసింది. అంతవరకూ ‘ఏటి’ అన్నప్పుడల్లా నవ్వడం నేనే విన్నాను. మాటలు ఆగగానే ఈలలు వేశారట. కాసేపటికి ఈలలు ఆగిపోయాయట. బహుమతి వేరేవాళ్ళకు వెళ్ళింది.

“ఎక్కడికి పోనావురా?” అని మూడోవాడు నామీద ఎగిరాడు. చీర ఇంకా విప్పలేదు.

“భయమేసింది,” అన్నాను.

“నాకూ ఏసింది. అలా కూకున్నంతసేపూ మా నాన్న నిజంగానే రాడేమో అనిపించినాది,” అని వాడు మెట్ల మీద కూలబడ్డాడు. హార్మోనియం వాడూ నేనూ చెరోపక్కనా కూర్చున్నాం.